అట్ట కట్టిన దూది

కమలమ్మ ఇంట్లో నాలుగు దిండ్లు అప్పజెప్పి, ఖాళీ గోతం మడిచి చంకలో పెట్టుకుని దస్తగిరమ్మ వీధిలోకి వచ్చేసరికి ఎదురింటి అరుగు మీద నుంచి జానకమ్మ పిలిచింది.

"ఏమే దస్తగిరీ, ఇట్ల రా."

సోమవారం, పొద్దున పదిన్నర. ఆళ్లగడ్డలో చింతపండు కాలం. జానకమ్మ అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుని చింతకాయల పెంకు ఒలుస్తున్నారు. ఈనెలు లాగి, గింజలు కొట్టి, పండును చేటలో వేస్తున్నారు. కమలమ్మ కూడా దస్తగిరమ్మ వెనకే వీధి దాటి వచ్చి వాళ్ళ మధ్య చోటు చూసుకుని కూర్చుంది. జానకమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

దస్తగిరమ్మది నంద్యాల. దూదేకుల మనిషి. మొగుడు మాబు సాహెబ్ మిషను మీద దూది ఏకుతాడు, ఆమె పరుపులు కుడుతుంది. ఆళ్లగడ్డలో ఎవరి పరుపు పాతబడినా ఫోను ఆమెకే. వచ్చి పరుపు విప్పి, దూది మూట కట్టుకుని నంద్యాలకు పోయి, ఏకించి, కొత్త గుడ్డలో నింపి కుట్టి తెచ్చిస్తుంది. జానకమ్మ ఇంటి పరుపు అట్లాగే పోయిన నెలలో చేసిచ్చింది. మళ్ళీ పని ఏదో చెబుతారనుకుని నవ్వు ముఖంతోనే వచ్చి అరుగు ముందు నిలబడింది.

"మా పత్తి యాడ పెట్టినావ్?" అంది జానకమ్మ.

"ఏం పత్తమ్మా?"

"ఏం పత్తి అంట! మా చేని పత్తి. నా పెండ్లికి మా నాయన ఏరి ఏరి నింపిచ్చిన పత్తి. అది నీ ఇంట్లో పెట్టుకొని మిల్లు వేస్టు కూరి తెచ్చినావ్. పండుకుంటే ఈపుకు గడ్డలు గుచ్చుకుంటాండాయ్. ఇన్నేండ్లు నమ్మి ఇంట్లోకి రానిస్తే ఇదేనా నువ్వు చేసేది?"

నోరుంటే తలగాస్తుందని అంటారు. దస్తగిరమ్మకు నోరుంది. సమయానికి రాదు, అంతే. కోపం కడుపులో నుంచి లేచి గొంతు దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. చెవులు వేడెక్కాయి. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. చింతగింజలు కొట్టే చప్పుడు కూడా ఆగిపోయి, నలుగురు ఆడవాళ్ళూ ఆమె ముఖంలోకి చూస్తున్నారు.

"సూడండి. తప్పు లేకపోతే మాట్లాడేది గదా," అంది జానకమ్మ.

కమలమ్మ తల వంచుకుని ఒక చింతకాయ ఎక్కువసేపు ఒలిచింది. తర్వాత, "మా పరుపు ఇప్పుడే విప్పొద్దులేమే. ఎండాకాలం పోనీ, సూద్దాం," అంది.

ఎండాకాలమే పరుపుల కాలం. పెండ్లిళ్ళకు ముందు ఊరంతా పాత దూది ఏకించుకుంటుంది. దస్తగిరమ్మ పనిలో సగం ఆళ్లగడ్డదే. పరుపు విప్పి దూది చేతికిచ్చేది నమ్మకం మీద. ఏ దూది పోయిందో ఏ దూది వచ్చిందో చూసేవాళ్ళు ఉండరు. ఈ మాట ఈ వీధి దాటి పోయిందంటే ఇంక ఎవరూ ఆమె చేతికి దూది ఇవ్వరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కూడా తల కొట్టేసినట్టు నిలబడి, చివరికి గోతం ఈ చంకలో నుంచి ఆ చంకలోకి మార్చుకుని బస్టాండు వైపు నడిచింది.

*

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాటలు వచ్చాయి. శిరివెళ్ల దాటేలోపు జానకమ్మకు మొత్తం సమాధానం చెప్పేసింది. పాత దూది ఏకితే తరుగు పోతుందని, పోయేది దుమ్మేనని చెప్పింది. మిల్లు వేస్టులో నూనె మరకలుంటాయి, నల్ల పొట్టు ఉంటుంది, నీ పరుపులో ఒక్కటి చూపించు అని చెప్పింది. మాటలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వచ్చాయి. అన్నీ లోపల్లోపలే. పక్క సీట్లో మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

నంద్యాల నూనెపల్లెలో వాళ్ళ ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు రేకుల కింద మిషను, వెనక రెండు గదులు. మాబు సాహెబ్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని మిషనులో దూది పెడుతున్నాడు. జరిగింది విని స్విచ్చు ఆపాడు.

"పోనీలే. పెద్దోళ్ళు. ఏదో ఒక మాట అన్న్యారు."

"ఒక మాటనా? దొంగ అనింది."

"దొంగ అన్లేదు గదా."

"ఆ మాటొక్కటే తక్కువ."

"పోనీలే," అన్నాడు మళ్ళీ, స్విచ్చు వేశాడు. మాబు సాహెబ్ మంచివాడు. ఊళ్ళో అందరూ ఆ మాటే అంటారు. పోనీలే అనేవాడిని మంచివాడు అనకుండా ఎట్లా ఉంటారు!

మరునాడు పొద్దున అద్దం ముందు తల దువ్వుకుంటూ నిలోఫర్ అడిగింది. నిలోఫర్ దస్తగిరమ్మ చెల్లెలి కూతురు. వీళ్ళ దగ్గరే ఉండి నర్సింగు చదువుతోంది.

"పెద్దమ్మా, నిద్రలో ఒకటే మూల్గుతాంటివి. ఏం కల?"

"కలెందుకు, ఆళ్లగడ్డే. అదే అరుగు, అదే ఆడోళ్ళు. నోరు తెరుస్తాండా, నోట్లో దూది కుక్కినట్ల మాట రాలేదు. నిజంగానూ రాలేదు, కల్లోనూ రాలేదు."

నిలోఫర్ దువ్వెన పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కల్లో మాట్లాడొచ్చు పెద్దమ్మా. కల్లో ఉండంగానే ఇది కల అని తెలిసిపోవల్ల. తెలిసినాక నువ్వు చెప్పిందే జరుగుతాది. నేను చేసినా."

"ఏం చేసినావ్?"

"నాకు ఇంటర్‌లో పరీక్ష కల వచ్చేది. హాల్ టికెట్ మర్సిపోయినట్ల. గుండె దడదడ అనేది. ఫోన్లో సూసినా, ఆ దడనే గుర్తు పెట్టుకోమన్న్యారు. పగలు యాడ భయమేసినా ఆగి, ఇది కలా అని అడుక్కోవల్ల. అడిగి అడిగి అలవాటైతే కల్లో భయమేసినప్పుడు గూడా అడుగుతామంట. ఒకదినం నిజంగానే అడిగినా. తెలిసిపోయింది! పేపర్ చించి పారేసి, బయటికొచ్చి ఐస్ కొనుక్కొని తిన్యా."

"నీకు దడ ఉంది. నాకేముంది?"

"నీకు కోపం ఉంది గదా, కావల్సినంత!"

దస్తగిరమ్మకు నవ్వొచ్చింది. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు.

"ఉత్తుత్తి కోపం పనికిరాదు," అంది నిలోఫర్ పంతులమ్మలా. "ఒళ్ళు మండిపోవల్ల. అంత మండితేనే కల్లో గూడా మెలకువ తెస్తాది. కోపమొచ్చిన ప్రతిసారి ఆగు. ఇది కలా అని అడుగు. చెయ్యి సూస్కోని వేళ్ళు లెక్కపెట్టు. కల్లో వేళ్ళు సరిగ్గా ఉండవంట, ఆరో ఏడో కనపడ్తాయంట."

దస్తగిరమ్మ ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. ఉంగరం వేలు రెండు కణుపులు లేవు. పదకొండేళ్ళ కింద మిషను తీసుకుంది.

"నాకు మెలకువలోనే సరిగ్గా లేవు గదమ్మా."

నిలోఫర్ నాలుక కరుచుకుంది. పెద్దమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "కల్లో ఎట్లుంటాది ఈ చెయ్యి?" అని అడిగింది.

ఎప్పుడూ ఆలోచించని సంగతి. దస్తగిరమ్మ గడప మీద కూర్చుని ఆలోచించింది. కలలో దబ్బనం పట్టుకుని కుట్టిన రోజులున్నాయి, రొట్టెలు తట్టిన రోజులున్నాయి. వెతికి వెతికి చూసుకుంటే ఆ చెయ్యి నిండుగానే ఉంది.

"ఐదూ ఉంటాయి," అంది.

"ఐతే ఇంక సులువు. నాలుగున్నర ఉంటే నిజం. ఐదుంటే కల."

*

ఆ మంగళవారం, బుధవారం దస్తగిరమ్మ కోపం కోసం కాచుకుని కూర్చుంది.

కోపం రావడం తేలికే. పాణ్యం నుంచి ఒకాయన రెండు దిండ్లు తెచ్చి, ఫోము దిండ్లు ఇంతకంటే మెత్తగా ఉంటాయి, అయినా పాతవి కదా అని మీకు తెచ్చినా అన్నాడు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. ఆమె పళ్ళు బిగపట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. ఇది కలా? చెయ్యి చూసుకుంది. నాలుగున్నర. తల ఎత్తేసరికి కోపం సగం చల్లారింది, ఆయన దిండ్లు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

అదే చిక్కు. ఆగి అడిగేసరికి కోపం వేడి తగ్గిపోతోంది. ఒళ్ళు మండాలని నిలోఫర్ చెప్పింది కదా. అందుకని దస్తగిరమ్మ కుట్టుకుంటూనే కోపాన్ని ఎగదోసుకునేది. పరుపు గుడ్డలో దూది మూలమూలకూ తోసి, కట్టెతో కొట్టి సమం చేసి, దబ్బనం గుచ్చి అవతలికి లాగి, ముడి బిగించేటప్పుడు జానకమ్మ మాట ఒక్కొక్కటీ తెచ్చుకునేది. మా చేని పత్తి, అంటూ ముడి బిగించేది. తప్పు లేకపోతే మాట్లాడేది గదా, అంటూ ఇంకో ముడి. ఒళ్ళు భగ్గుమనేది. అప్పుడు దబ్బనం వదిలి చెయ్యి చూసుకునేది. ఇది కలా?

మాబు సాహెబ్ ఇదంతా మిషను దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాడు. బుధవారం సాయంత్రం చిన్న గిన్నెలో కొబ్బరి నూనె వెచ్చజేసి తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నొస్తాందా వేలు?"

"లేదు."

"మాటిమాటికీ సూసుకుంటాండావ్."

ఆమె చెప్పలేదు. చెబితే పోనీలే అంటాడు. అతను ఆ మొండి వేలికి నూనె రాసి, బొటనవేలితో మెల్లగా ఒత్తాడు. పదకొండేళ్ళ కింద ఆమె చెయ్యి మిషనులో ఉందో లేదో చూసుకోకుండా స్విచ్చు వేసింది అతనే. ఆ రోజు కూడా ఆమె ఒక్క మాట అనలేదు. అనలేదని ఆమెను కూడా మంచిదని అందరూ మెచ్చుకున్నారు.

రెండు రాత్రులూ కల వచ్చింది. రెండుసార్లూ ఆమె నోరు తెరిచి, మాట రాక, ఉడికిపోయి లేచింది. అడగడం గుర్తు రాలేదు.

*

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు కరెంటు పోయింది. మిషను ఆగింది. రేకుల కింద గాలి లేదు. ఏకి పెట్టిన దూది గుట్ట మీద గోతం పరుచుకుని దస్తగిరమ్మ నడుం వాల్చింది. అన్నం తిన్న మత్తు, ఎండ మత్తు కలిసి కళ్ళు మూసుకుపోయాయి.

అరుగు వచ్చింది. చింతకాయలు, చేటలు, నలుగురు ఆడవాళ్ళు. జానకమ్మ పెదాలు కదులుతున్నాయి. ఇన్నేండ్లు నమ్మి ఇంట్లోకి రానిస్తే, అంటోంది. కోపం కడుపులో నుంచి లేచింది. ఛాతీ దాటింది, గొంతులోకి వచ్చింది, చెవులు కాలిపోయాయి. అంత కోపంలో, ఎవరో పక్కన కూర్చుని అందించినట్టు, ఆమె అనుకుంది: ఇది కలా?

చెయ్యి చూసుకుంది. ఐదు వేళ్ళున్నాయి.

ఇది కల.

అరుగు మీద చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. గొంతు వదులైంది. మూడు రోజులుగా ముడి మీద ముడి వేసి దాచుకున్న మాటలన్నీ చెప్పొచ్చు, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. కానీ దస్తగిరమ్మ ముందు ఉంగరం వేలు వంచి చూసింది. వంగింది. చాపింది. దాని కొసన చిన్న గోరు. అరుగు రాయి మీద పెట్టి అదిమితే రాయి గరుకు ఆ వేలికి తగిలింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. కాసేపు జానకమ్మను మరిచిపోయి ఆ వేలితోనే ఉండిపోయింది.

తల ఎత్తితే జానకమ్మ అట్లాగే నిలబడి ఉంది. తిట్టడానికి తొందరేమీ లేదు కాబట్టి దస్తగిరమ్మ ఆమెను నిదానంగా చూసింది. చీర కుచ్చెళ్ళు చీలమండల దాకా తడిగా ఉన్నాయి. చేతి వేళ్ళు చాలాసేపు గుడ్డలు ఉతికినట్టు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. కళ్ళ కింద నల్లగా ఉంది. సోమవారం నాడు ఇవన్నీ చూసిందా? చూసే ఉంటుంది. చూపు పడింది గానీ మనసు పడలేదు.

నోరు తెరిచింది. మాట వచ్చింది. అది తిట్టు కాదు.

"పరుపు యాడుందమ్మా?"

తన గొంతు తనకే మామూలుగా వినిపించింది, కొలత అడుగుతున్నట్టు. జానకమ్మ వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. తలుపు కొంచెం తెరుచుకుంటోంది. అప్పుడే కరెంటు వచ్చి మిషను గర్రుమంది, దస్తగిరమ్మ దూది గుట్ట మీద లేచి కూర్చుంది. చెయ్యి చూసుకుంది. నాలుగున్నర.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన నిలోఫర్ సంచి కూడా దించకుండా అడిగింది.

"తిట్టినావా?"

"లేదు."

"చేతికొచ్చిన కలను పాడు చేస్కున్యావ్ గదా పెద్దమ్మా!"

"పరుపు యాడుంది అని అడిగినా." దస్తగిరమ్మ దారం సూదిలోకి ఎక్కిస్తూ ఆగింది. "నిజమే గదా. సోమవారం నన్ను పిలిచింది, నలుగుర్లో తిట్టింది, పరుపు మాత్రం సూపియ్యలా. సరుకు బాగలేదనేటోళ్ళు ముందు సరుకు తెచ్చి ముఖాన కొడ్తారు. ఆమె పరుపెందుకు దాచింది?"

 దానికి జవాబు నిలోఫర్ ఫోనులో కూడా దొరకదు.

*

శుక్రవారం పొద్దున ఎనిమిది బస్సుకు బయల్దేరింది. గోతంలో బ్లేడు, దబ్బనం, దారం ఉండ. నేనూ వస్తానన్నాడు మాబు సాహెబ్, చొక్కా కూడా తొడుక్కున్నాడు.

"నువ్వొస్తే పోనీలే అంటావ్. ఈడనే ఉండు," అంది.

అతను చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్లలో శిల్పులు అప్పటికే రాళ్ళు చెక్కుతున్నారు. ఆ చప్పుడు జానకమ్మ వీధి దాకా వినిపిస్తోంది. అరుగు మీద అదే నలుగురు. ఈరోజు ఒలిచిన పండుకు ఉప్పు కలిపి కుండల్లో అదుముతున్నారు. జానకమ్మ చేట పట్టుకుని లోపలి నుంచి వచ్చి, దస్తగిరమ్మను చూసి ఆగింది.

"మళ్ళెందుకొచ్చినావ్? ఈడ నీకింక పని లేదు. సిగ్గుండల్ల."

కోపం లేచింది. ఎప్పటిలాగే కడుపులో నుంచి గొంతు దాకా. అలవాటు కొద్దీ దస్తగిరమ్మ చెయ్యి చూసుకుంది. నాలుగున్నర. నిజమే. ఇక్కడ అన్న మాట వెనక్కి రాదు, మిషను చప్పుడుకు చెరిగిపోదు. ఆ వేళ్ళు లెక్కపెట్టినంతసేపట్లో గొంతు తన చేతికి దొరికింది.

"పరుపు యాడుందమ్మా?"

జానకమ్మ చేట కింద పెట్టింది. "ఏంటికి?"

"మిల్లు వేస్టు అన్న్యావ్ గదా. విప్పి సూద్దాం. వేస్టు ఐతే నా చేత్తోనే కాల్చి పోతా. ఇంక ఈ ఊర్లో అడుగు పెట్టను."

"నువ్వొచ్చి సూసేదేముంది? నేను సూసినా."

"సూడనీలే వదినా," అంది కమలమ్మ. "వచ్చినాది గదా. నిజమేందో తేలిపోతాది."

జానకమ్మ అందరి ముఖాలూ చూసింది. "లోపలికి రా," అంది చివరికి. మిగతావాళ్ళు లేవబోతే, "మీరు కూచోండి, పండు ఆరిపోతాది," అని గట్టిగా చెప్పింది.

వెనక గదిలో కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆమె భర్త శేషయ్య కూర్చుని ఉన్నాడు. దస్తగిరమ్మ ఎరిగిన శేషయ్య పెద్ద గొంతు మనిషి, పరుపు కుట్టేటప్పుడు పక్కన నిలబడి, ఇంకా కొట్టు, ఇంకా కొట్టు అని గదమాయించేవాడు. ఇప్పుడు పంచె మోకాళ్ళ మీద సర్దుకుంటూ, "నంద్యాల మనిషేనా?" అన్నాడు.

"అవునయ్యా."

ఆయన గోడకు చుట్టి నిలబెట్టిన పరుపు వైపు ఒకసారి చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. మంచం మీద చాప, చాప మీద మడతలు పెట్టిన చీరలు ఉన్నాయి.

దస్తగిరమ్మ పరుపు నేల మీద పరిచింది. ముందు మూల కుట్టు విప్పి వేళ్ళు లోపలికి పోనిచ్చి గుప్పెడు దూది తీసింది. తెల్లగా, పొడుగు పోగుతో జారింది. "ఇది నీ చేని పత్తే. సూస్కో," అంది. తర్వాత మధ్యకు వచ్చి రెండు ముడులు కోసింది. ఏకుడు సరిగా లేకపోతే దూది ఉండలు కడుతుంది. చింతగింజంత ఉండలు, పరుపంతా ఒకేలాగా ఉంటాయి. ఇవి ఉండలు కావు. చేతికి అట్ట తగిలింది. లాగితే రొట్టె ముక్కలాగా పలకగా వచ్చింది, అంచులు పసుపు పచ్చగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకోవలసిన పని కూడా లేకపోయింది.

తడిసి, ఎండి, మళ్ళీ తడిసిన దూది అది.

తల ఎత్తేసరికి జానకమ్మ తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడి ఉంది.

"ఎన్ని దినాల నుంచి?" అని అడిగింది దస్తగిరమ్మ, చిన్న గొంతుతో.

"నువ్వు తెచ్చిచ్చిన వారానికే. లేచే లోపలే ఐపోతాది. ఆయనకు తెలీదు." జానకమ్మ కూడా గొంతు తగ్గించింది. "మూడుసార్లు నేనే కడిగి మిద్దె మీద ఎండేసినా, మద్యాన్నం అందరూ పండుకున్న్యాక. దినాం తెల్లారకముందే గుడ్డలు పిండుతా. కొడుకు ప్రవీణ్‌కు గూడా చెప్పలా. మొన్న కోడలు సాయి ప్రియ వచ్చి దీని మీద కూచుని, ఏందత్తా ఇన్ని గడ్డలు, ఏందీ వాసన అనింది. ఏం చెప్పేది? నీ పేరొచ్చింది నోటికి."

"నా పేరే ఏంటికొచ్చింది?"

జానకమ్మ భర్త వైపు చూసింది. కిటికీ దగ్గర శేషయ్య వేలితో చువ్వ మీద తుప్పు గీకుతున్నాడు.

"నువ్వు తిరిగి అనవని," అంది.

ఈసారి దస్తగిరమ్మ చెయ్యి చూసుకోలేదు. లేచి నిలబడింది. అంతసేపూ ఆమె మీద కలిగిన జాలి ఎటు పోయిందో తెలియదు. తిరిగి అనదని తెలిసి, ఏరి ఏరి తనను పట్టుకుంది. పత్తి ఏరినట్టే.

"బయటికి రా. వాళ్ళ ముందర అన్న్యావ్, వాళ్ళ ముందరే చెప్పల్ల."

"ఏమని చెప్పేది? ఈయన పరువు..."

"ఆయన మాట నేనెత్తను. దూది నీదే అని చెప్పు. సాలు."

ఇద్దరూ బయటికి వచ్చారు. నలుగురి చేతులూ కుండల మీద ఆగాయి. దస్తగిరమ్మ పక్కకి జరిగి గోడ దగ్గర నిలబడింది. జానకమ్మ అరుగు మధ్యకు పోయి నోరు తెరిచింది. మాట రాలేదు. మెడ మీద నరం కదిలింది, చెవులు ఎర్రబడ్డాయి, పెదాలు ఊరికే కదిలాయి. ఆ పాటు ఎట్లా ఉంటుందో దస్తగిరమ్మకు లోపలి నుంచి తెలుసు. బయటి నుంచి చూడడం అదే మొదటిసారి. జాలి మళ్ళీ వచ్చింది గానీ, అందుకోసం మాట సాయం చేయలేదు. ఊరుకుంది.

"దూది మాదే," అంది జానకమ్మ. "దస్తగిరి మార్చలా. నేనే ఊరికే అన్న్యా."

 కమలమ్మ ఉప్పు చేతిని చీర కొంగుకు తుడుచుకుంది.

"మరి గడ్డలెట్ల గట్టింది?"

అడిగింది జానకమ్మనే గానీ, అందరూ దస్తగిరమ్మ వైపు తిరిగారు. పని తెలిసినది ఆమె కదా. జవాబు ఆమె దగ్గర ఉంది, గొంతు కూడా ఉంది. సోమవారం ఇదే చోట ఇదే మనుషుల ముందు పడ్డ మాటకు ఒక్క ముక్కతో బాకీ తీరిపోతుంది.

"నేను కుట్టేదాన్ని," అంది దస్తగిరమ్మ. "వాళ్ళింటి పరుపు సంగతి వాళ్ళకే తెలుస్తాది."

జానకమ్మ ఆమె వైపు చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా కూర్చుంది. చేటలో నుంచి ఒక పండు తీసుకుని, అందులో మిగిలిపోయిన గింజ తీసి పారేసి, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆయన పక్క తడుపుతాండాడు. నెల నుంచి."

రోడ్డు మీద షెడ్లలో ఉలి దెబ్బలు వినిపిస్తున్నాయి. ఆకాశం విరిగి ఎవరి మీదా పడలేదు.

"చెప్పింటే పాత చీరలు ఇచ్చిందును గదే," అంది కమలమ్మ, కుండలో పండు అదుముతూ. "మా మామకు నాలుగేండ్లు పర్సినా. పెట్టె నిండా ఉండాయ్."

"మా అమ్మకు గూడా అంతే," అంది ఇంకొకామె. "ఉప్పు ఇంకొంచెం పడల్లేమో సూడు."

పదకొండు దాటాక ఆటో వచ్చింది. దస్తగిరమ్మ పరుపు చుట్టి, అందరికీ కనిపించేటట్టు ఎత్తుకొచ్చి వెనక వేసింది. అట్ట కట్టిన దూది తీసేసి, మిగతాది ఎండబెట్టి మళ్ళీ ఏకాలి. ఈసారి ఒకటే పరుపుగా కుట్టకుండా మూడు ముక్కలు చేస్తానంది. నడిమి ముక్క రెండు కుడతాను, ఒకటి ఎండేస్తే ఒకటి వేసుకోవచ్చు, పైన రబ్బరు గుడ్డ పరుచుకోండి అంది. పనిలో పనిగా కమలమ్మ కూడా తన పరుపు తెచ్చి ఆటోలోకి తోసింది, ఎండాకాలం మాట ఎత్తకుండా.

"ఎప్పుడు తెస్తావ్?" అని అడిగింది జానకమ్మ మెట్టు మీద నుంచి.

"బుధవారం."

ఆటో అతను ఇంజను వేశాడు. దస్తగిరమ్మ ఒక కాలు లోపల పెట్టి, మళ్ళీ కిందికి దిగింది.

"అమ్మా, మాట పడింది నేను. వాళ్ళకు చెప్పినావ్. నాకు చెప్పలా."

"నీకేం చెప్పల్ల?" అంది జానకమ్మ. నిజంగానే అర్థం కాలేదు ఆమెకు.

దస్తగిరమ్మ ఆటో కమ్మీ పట్టుకుని నిలబడింది. ఏం చెప్పాలో తను చెప్పలేదు. ఆటో అతను రెండుసార్లు హారను కొట్టాడు, ఆగప్పా అంది. అరుగు మీద పని మళ్ళీ ఆగింది. జానకమ్మ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, వీధి ఆ చివరకు చూసింది, ఈ చివరకు చూసింది. అప్పటికి ఆమెకు తెలిసినట్టుంది. ఒక మెట్టు దిగింది. పెదాలు కదిలాయి.

"ఏమన్న్యావ్ వదినా?" అంది కమలమ్మ అరుగు మీద నుంచి. "ఇనపడలా."

"నాకినపడిందిలే," అని దస్తగిరమ్మ ఆటో ఎక్కింది.